మొదటి చెక్క తెరచాప పడవ: ఏ పద్ధతిలో కట్టాలి, ఏ తెరచాప ఎత్తాలి?

చిన్న చెక్క పడవను సొంత చేతులతో కట్టుకోవాలన్న కోరిక పుట్టినవారిలో చాలామంది ప్లాను ఎంచుకునే దగ్గరే ఆగిపోతారు. ఒక బొమ్మలో పలక మీద పలక ఎక్కించిన పాత ఇంగ్లిష్ డింగీ (పైకప్పు లేని చిన్న పడవ) ఉంటుంది. ఇంకో బొమ్మలో ఎర్ర తెరచాపల మిర్రర్ అనే ప్లైవుడ్ పడవ, మరో బొమ్మలో అమెరికా తూర్పు తీరపు పొట్టి, వెడల్పాటి బీటిల్ క్యాట్. అన్నీ అందంగానే కనిపిస్తాయి. అందం చూసి ఎంచుకున్న పడవ తర్వాత షెడ్డులోనే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఉద్యోగం కోసం ఇంగ్లండులోని నార్ఫోక్‌లో ఉన్న రోజుల్లో నేను ఒక పాత డింగీ కొన్నాను. పన్నెండడుగుల పొడవు, రాగి రివెట్లు, ఓక్ బద్దలు. చలికాలమంతా వెచ్చని గ్యారేజీలో పెట్టి గీకాను, వార్నిష్ వేశాను. ఏప్రిల్‌లో నీళ్లలోకి దించితే పావుగంటలో సగం నిండింది. పక్క రేవులో ఉన్న పెద్దాయన చూసి, దాన్ని అలాగే ముంచి రెండు రోజులు వదిలేయమన్నారు. మూడో రోజు నీళ్లు తోడేశాక మళ్లీ చుక్క రాలేదు. పలకలు నీళ్లు తాగి ఉబ్బాయి, సందులు మూసుకుపోయాయి. పడవలో ఏ లోపమూ లేదు. నీటిలో ఉండటానికి కట్టిన పడవను నేను నెలల తరబడి ఎండబెట్టాను, అంతే.

ఆ తర్వాత హైదరాబాదు వచ్చి ప్లైవుడ్ పడవ కట్టినప్పుడు, ఎంపిక మొత్తాన్నీ ఆ పాఠం నుంచే మొదలుపెట్టాను. నెలకు రెండు ఆదివారాలు, ఒక్కో ఆదివారం మూడు గంటలు పడవ తిప్పుతారనుకుందాం. ముప్పై రోజుల నెలలో 720 గంటలు ఉంటే, పడవ నీటి మీద ఉండేది 6 గంటలు. మిగిలిన 714 గంటలూ అది ఒడ్డునే ఉంటుంది. కాబట్టి ఒడ్డున దాని బతుకు ఎలా ఉంటుందో ముందు తేల్చుకోవాలి. ఏ పద్ధతిలో కట్టాలో, ఏ తెరచాప ఎత్తాలో చాలావరకు అదే చెబుతుంది.

## ప్లాను కొనకముందు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది, పడవ తడిగా ఉంటుందా పొడిగా ఉంటుందా అన్నది. రేవులో కట్టేసి ఉంచే అవకాశం ఉంటే ఒక దారి. ట్రైలర్ మీదో, అపార్ట్‌మెంట్ పార్కింగులోనో, పెరట్లో రేకుల కిందో ఉంటే అది పూర్తిగా వేరే దారి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో రేకుల షెడ్డు లోపల చెక్క ఎంత ఎండిపోతుందో వడ్రంగి పని తెలిసిన ఎవరినైనా అడగండి.

రెండోది, రేవుకు చేరిన తర్వాత తెరచాప ఎత్తడానికి పట్టే సమయం. పది నిమిషాల్లో సిద్ధమయ్యే పడవను వారం మధ్యలో సాయంత్రం పూట కూడా తీసుకెళతారు. ముప్పావుగంట పట్టే పడవ సెలవు దినం కోసం ఎదురుచూస్తుంది. తెరచాపను మోసే కొయ్యలు పడవ లోపలే ఇముడుతాయా, కారు పైన కట్టుకుని తీసుకెళ్లాలా అన్నదీ ఇందులో భాగమే.

మూడోది నీరు. హుస్సేన్ సాగర్‌లో వానాకాలపు పడమటి గాలి ఒక్కసారిగా విసిరి, ఒక్కసారిగా తగ్గుతుంది. కాకినాడ అఖాతానికి హోప్ ఐలండ్ ఇసుకమేట అడ్డుగా ఉండటం వల్ల అలలు తక్కువే కాని, లోతు తక్కువ, అడుగున బురద ఎక్కువ. విశాఖ తీరంలో ఒడ్డు నుంచే కెరటాలు దాటాలి. నార్ఫోక్ బ్రాడ్స్ అనే చెరువులు, ఏరుల్లో తక్కువ ఎత్తు వంతెనల కింద నుంచి వెళ్లాలంటే కొయ్యను పడుకోబెట్టాలి. ఒక చోట బాగా నడిచే పడవ ఇంకో చోట ఇబ్బంది పెడుతుంది.

ఎందరు ఎక్కుతారు, పని చేయడానికి ఎంత చోటుంది, చేతికి ఎంత పని వచ్చు అన్నవి తర్వాత. పని రాకపోవడం గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. పని నేర్చుకోవచ్చు. లేని చోటును తెచ్చుకోలేం.

## ఒళ్లు (పడవ దేహం) కట్టే పద్ధతులు

### క్లింకర్: పలక అంచు మీద పలక

పై పలక అంచు కింది పలక మీదికి ఎక్కుతుంది. రెండింటినీ కలిపి రాగి మేకు దింపి, లోపలి వైపు చిన్న రాగి బిళ్ల తొడిగి, మేకు కొసను కత్తిరించి సుత్తితో అణుస్తారు. బయట ఒకరు బరువు ఆనించి పట్టుకోవాలి, లోపల ఒకరు కొట్టాలి. ఆ తర్వాత ఓక్ బద్దలను ఆవిరి పెట్టెలో మెత్తబరచి, వేడి చల్లారేలోపు పడవ లోపల ఒంపులోకి నొక్కాలి. అంగుళం మందానికి గంటసేపు ఆవిరి అన్నది పాత లెక్క.

ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ ఇంటర్నేషనల్ 12 ఫుట్ డింగీ. జార్జ్ కాక్‌షాట్ అనే ఇంగ్లిష్ ఔత్సాహికుడు 1913లో గీసిన పడవ. ఒకే ఒక లగ్ తెరచాప (వాలుగా ఉండే పై కొయ్యకు కట్టిన నాలుగు మూలల తెరచాప), వంద చదరపు అడుగులు. 1920, 1928 ఒలింపిక్స్‌లో దీనితో పోటీ జరిగింది. నెదర్లాండ్స్‌లో, ఇటలీలో ఈనాటికీ పందేలు నడుస్తున్నాయి. ఒళ్లు ఒక్కటే వంద కిలోలు దాటుతుంది కాబట్టి ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తగలిగే పడవ కాదు.

దీని గుణం మరమ్మతులో తెలుస్తుంది. ఒక పలక పాడైతే ఆ ఒక్కదాన్నే తీసి కొత్తది వేయవచ్చు. వందేళ్ల పడవలు ఇంకా తేలుతున్నాయంటే కారణం ఇదే. లోపం నేను అనుభవించిందే: ఎండితే పలకల సందులు తెరుచుకుంటాయి. రేవులో తడిగా ఉంచగలిగేవారికి తప్ప, ఎండలో ట్రైలర్ మీద పెట్టేవారికి నేను దీన్ని సూచించను.

### కార్వెల్: పలక పక్కన పలక

పలకలు అంచుకు అంచు ఆనుకుని నున్నగా ఉంటాయి. మధ్య సందులో దూది పోగు కూరి, పైన పూత పూస్తారు. నతానియెల్ హెరెషాఫ్ 1914లో అమెరికాలోని బజర్డ్స్ బే కోసం గీసిన హెరెషాఫ్ 12½ ఈ కోవలోది. పేరులోని పన్నెండున్నర అడుగులు నీటి గీత దగ్గరి కొలత. మొత్తం పొడవు పదిహేను అడుగులు దాటుతుంది. అడుగున మూడు వందల కిలోలకు పైగా సీసం ఉంటుంది. ఆ అఖాతంలో మధ్యాహ్నం లేచే గట్టి గాలిలోనూ పిల్లలు నేర్చుకోవడానికి భరోసాగా ఉండాలని అడిగి గీయించుకున్న పడవ అది. నా కంటికి ఇంతకన్నా అందమైన చిన్న పడవ లేదు. అయినా మొదటి పడవగా దీన్ని కట్టవద్దనే చెబుతాను. సీసం పోత పోయాలి, పడవను ఎత్తడానికి యంత్రం కావాలి, ఎప్పుడూ నీటిలోనే ఉంచాలి. ఆ సీసం వల్ల పడవ సులువుగా బోల్తా పడదు కాని, నీళ్లు నిండిందంటే తేలడానికి ప్రత్యేక ఏర్పాటు లేకపోతే మునిగిపోతుంది. జోయల్ వైట్ దీన్నే లోతు తక్కువ నీటికి, ట్రైలర్‌కు వీలుగా, మధ్యలో ఎత్తే పలకతో (పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీటిలోకి దింపే పలక) హేవెన్ 12½గా మార్చారు. మనసు ఈ ఆకారం మీదే ఉంటే రెండో పడవగా దాన్ని చూడండి.

ఇదే కుటుంబంలో చిన్నది బీటిల్ క్యాట్. 1921 నుంచి మసాచుసెట్స్ తీరంలో కడుతున్నారు. పన్నెండడుగుల నాలుగంగుళాల పొడవుకు ఆరడుగుల వెడల్పు. కొయ్య దాదాపు ముందు కొసలోనే నిలబడుతుంది కాబట్టి లోపల చోటు విశాలం.

### కుట్టి అతికించే పద్ధతి

1963 జనవరిలో లండన్ బోట్ షోలో మిర్రర్ డింగీ బయటికి వచ్చింది. డెయిలీ మిర్రర్ పత్రిక వెనుక నిలబడింది, జాక్ హోల్ట్ పడవ గీశారు, టీవీలో ఇంటి పనులు నేర్పే బ్యారీ బక్నెల్ కట్టే పద్ధతిని సమకూర్చారు. ప్లైవుడ్ ముక్కల అంచుల్లో చిన్న రంధ్రాలు చేసి, రాగి తీగతో కుట్టి, లోపల గ్లాస్ టేపు పరిచి రెసిన్‌తో అతికిస్తారు. 3.3 మీటర్ల పడవ, ఒళ్లు 45 కిలోల పైచిలుకు. డెబ్బై వేలకు పైగా కట్టారు. వంటింటి బల్ల మీద పని చేసే మామూలు కుటుంబాలకు పడవ అందించిన పద్ధతి ఇది.

కుట్టు అనగానే మన తీరం గుర్తుకు రావాలి. కోరమండల్ తీరపు మసూలా పడవ పలకలను కొబ్బరి తాడుతోనే కుట్టేవారు, మేకు ఉండదు. ఆ కుట్టు జీవితాంతం ఉంటుంది, కెరటం తాకినప్పుడు పడవ ఒళ్లు కొద్దిగా వంగి దెబ్బను తీసుకుంటుంది. మిర్రర్‌లో తీగ రెసిన్ గట్టిపడేదాకా అంచులను పట్టి ఉంచడానికే. తర్వాత బయటి కొసలు కత్తిరించేస్తారు. కుట్టడం ఒకటే, ఉద్దేశం రెండు రకాలు.

ఈ పద్ధతి పడవ ఎండలో ఉన్నా సందు తెరుచుకోదు, ఎందుకంటే సందు అన్నదే ఉండదు. మూసిన గాలి పెట్టెలు లోపలే కట్టి ఉండటం వల్ల బోల్తా పడినా తేలుతుంది. ఆకారం కోణాలుగా ఉండటమే కొందరికి నచ్చదు. మిర్రర్ ముందు కొస కూడా మొద్దుగా, పెట్టెలా ఉంటుంది. నాకు ఆ మొహం మీద అభిమానమే. పొట్టి పడవలో అంత చోటు మరో ఆకారం ఇవ్వలేదు.

### ప్లైవుడ్ క్లింకర్

క్లింకర్ రూపం, ప్లైవుడ్ స్వభావం. సన్నని ప్లైవుడ్ పలకల అంచులను ఎపాక్సీతో (రెసిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) అతికిస్తారు. రివెట్లు ఉండవు, ఆవిరి బద్దలు చాలా ప్లాన్లలో ఉండవు. ఆస్ట్రేలియాలో పుట్టి స్కాట్లండులోని స్కై ద్వీపంలో స్థిరపడి, 2024లో కన్నుమూసిన ఇయాన్ ఓట్రెడ్ ఈ పద్ధతికి ప్రాణం పోసిన గీతకారుడు. ఆయన గీసిన టామీ నోరీ, కెలడోనియా యాల్ వంటి పడవలు రేవులో ఉంటే వెనక్కి తిరిగి చూడకుండా ఎవరూ వెళ్లరు.

కష్టం ఎక్కడంటే, ప్రతి పలకకూ ఆకారం తీయాలి, ప్రతి అంచునూ పక్క పలక కోణానికి తగ్గట్టు చిత్రిక పట్టాలి. అచ్చులు నిలబెట్టడానికే కొన్ని వారాలు పోతాయి. కుట్టి అతికించే పడవకన్నా రెండింతలు, మూడింతలు ఓపిక కావాలి. కానీ పొడి చోట ఉంచగలిగే పడవల్లో పాత పడవల అందానికి దీనికి సాటి వచ్చేది లేదు.

### చదును అడుగు స్కిఫ్

ఆస్ట్రేలియా గీతకారుడు మైకేల్ స్టోరర్ గీసిన గోట్ ఐలండ్ స్కిఫ్ దీనికి మంచి నమూనా. పదిహేనున్నర అడుగులు, ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఒకే పెద్ద లగ్ తెరచాప. అడుగు ఒకే చదును పలక, పక్కలు రెండు పలకలు. కట్టడం అన్నిటికన్నా తేలిక, బరువు చాలా తక్కువ, గాలి పడితే పరుగు తీస్తుంది. చిన్న అలలు ఎదురైతే చదును అడుగు చప్పుడు చేస్తుంది, దెబ్బలు తింటుంది. ఒక్కరే ఉన్నప్పుడు గట్టి గాలిలో ఇంత తేలిక పడవను చాలా జాగ్రత్తగా నడపాలి.

## తెరచాప అమరికలు

ఇక్కడ నిలువు కొయ్య అంటే తెరచాపను మోసే స్తంభం. పై కొయ్య తెరచాప పై అంచును, కింది కొయ్య కింది అంచును పట్టి ఉంచుతాయి. తీగలు నిలువు కొయ్యను పడిపోకుండా పట్టి ఉంచేవి. కుదించడం అంటే గాలి పెరిగినప్పుడు తెరచాపను చిన్నది చేయడం.

| అమరిక | కొయ్యలు | తీగలు, తాళ్లు | సిద్ధం కావడానికి | ఎదురుగాలిలో | కుదించడం |
|---|---|---|---|---|---|
| లగ్ | పొట్టివి | తీగలు లేవు, ఎత్తే తాడు ఒకటి | అతి తక్కువ సమయం | మంచిది | సులువు |
| స్ప్రిట్ | చాలా పొట్టివి | తీగలు లేవు | తక్కువ | మధ్యస్థం | ఇబ్బంది |
| గంటర్ | పొట్టివి, పడవలో ఇముడుతాయి | పక్క తీగలు ఉంటాయి | మధ్యస్థం | బాగుంటుంది | కొంచెం చిక్కు |
| గాఫ్ | పొట్టి కొయ్య, బరువైన పై కొయ్య | ఎత్తే తాళ్లు రెండు | ఎక్కువ | మధ్యస్థం | సులువు |
| బెర్ముడా | పొడవైన ఒకే కొయ్య | పక్క తీగలు తప్పనిసరి | ఎక్కువ | అన్నిటికన్నా మెరుగు | మధ్యస్థం |

పట్టికలో ఇమడని సంగతులు కొన్ని ఉన్నాయి.

లగ్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మొదటి పడవకు నేను సూచించేది ఇదే, సరిగ్గా కట్టక దాన్ని తిట్టుకునేవారూ ఎక్కువే. నిలువు కొయ్యను రంధ్రంలో నిలబెట్టడం, పై కొయ్యకు తాడు తగిలించి పైకి లాగడం, కింది ముందు మూలను బిగించడం. ఇంతే పని. పై కొయ్య పొడవులో ముందు నుంచి మూడో వంతు దాటి తాడు కట్టాలి; ఏ చోట అన్నది నాలుగైదు అంగుళాలు అటూ ఇటూ జరిపి చూసి తేల్చుకోవాలి. అసలు కీలకం ముందు మూలను కిందికి లాగే తాడు. బ్యాలెన్స్ లగ్‌లో కింది కొయ్య కొంత భాగం నిలువు కొయ్యకు ముందుకు ఉంటుంది. అక్కడ తాడును గట్టిగా, చిన్న కప్పీలు పెట్టి కనీసం మూడింతల బలంతో లాగితే తెరచాప పలకలా నిలబడుతుంది. వదులుగా ఉంటే పైభాగం మెలి తిరుగుతుంది, వెనుక గాలిలో పడవ అటూ ఇటూ ఊగుతుంది. నా పడవ మొదటి నెల అలాగే ఊగింది. రెండు కప్పీలు చేర్చాక ఊగడం మానేసింది. తెరచాప ఒక వైపున ఉన్నప్పుడు నిలువు కొయ్యకు ఆనుతుంది కదా, గాలి పోదా అని అడుగుతారు. పోయేది చాలా తక్కువ.

స్ప్రిట్‌లో తెరచాప నాలుగు మూలలది. కింది ముందు భాగం నుంచి పై వెనుక మూలకు వాలుగా ఒక సన్నని కొయ్య దన్నుగా నిలుస్తుంది. 1947లో క్లార్క్ మిల్స్ ఫ్లోరిడాలో పిల్లల కోసం గీసిన ఆప్టిమిస్ట్‌లో ఉన్నది ఇదే. హుస్సేన్ సాగర్ మీద పిల్లలు నేర్చుకునే చిన్న పడవలు చూసి ఉంటే ఈ అమరికను చూసినట్టే. ఆ వాలు కొయ్యకు మన వెదురు బాగా పనికొస్తుంది. గాలి హఠాత్తుగా పెరిగితే వాలు కొయ్యను తీసేసి సగం తెరచాపతో ఒడ్డుకు రావచ్చు. క్రమంగా కుదించడం మాత్రం కష్టం.

గంటర్ మిర్రర్ ఎంచుకున్న అమరిక. పై కొయ్య దాదాపు నిలువుగా, నిలువు కొయ్యకు కొనసాగింపులా పైకి జరుగుతుంది. దించితే అన్ని కొయ్యలూ పదకొండడుగుల పడవలో ఇముడుతాయి, పడవను కారు పైన బోర్లించి తీసుకెళ్లవచ్చు. ముందు చిన్న తెరచాప కూడా ఉంటుంది కాబట్టి తోడు వచ్చిన పిల్లవాడికీ చేతిలో ఒక తాడు, ఒక పని దొరుకుతుంది. పిల్లల విషయంలో ఇది చిన్న మాట కాదు. ఊరికే కూర్చోబెట్టిన పిల్లలు రెండోసారి రారు.

గాఫ్‌లో పై కొయ్య నిలువు కొయ్య వెనుక భాగం నుంచి వాలుగా పైకి ఉంటుంది. దాని రెండు కొసలనూ వేర్వేరు తాళ్లతో సమంగా ఎత్తాలి. తాళ్లు ఎక్కువ, కప్పీలు ఎక్కువ, సరిచేసుకోవడానికి సమయం పడుతుంది. రేవులో కట్టేసి ఉంచే పడవకు ఇది ఇబ్బంది కాదు, అమరిక అలాగే ఉంటుంది. ప్రతిసారీ ట్రైలర్ మీద తెచ్చి కట్టి విప్పేవారికి భారం.

బెర్ముడా అందరికీ తెలిసిన త్రికోణం. ఎదురుగాలిలో దీన్ని మించింది లేదు. కానీ పద్నాలుగడుగుల పడవకే కొయ్య తేలిగ్గా ఇరవై అడుగులు దాటుతుంది. దాన్ని ఎక్కడ దాస్తారో, నగరంలో ఎలా తీసుకెళతారో, విద్యుత్ తీగల కింద ఎలా నిలబెడతారో ముందే ఆలోచించాలి. లోహపు కొయ్య కరెంటు తీగకు తగిలితే ప్రాణం పోతుంది. పోటీల్లో పాల్గొనాలన్న ఉద్దేశం ఉంటే తప్ప, పాత తరహా చెక్క పడవకు దీని అవసరం నాకు కనిపించదు.

## మన ఎండలో చెక్క, జిగురు

పుస్తకాల్లో రాసేవి చల్లని దేశాల లెక్కలు. ఎపాక్సీ కలిపిన గిన్నె పద్దెనిమిది డిగ్రీల వేడిలో ఎంతసేపు పనికొస్తుందో, దాదాపు ప్రతి పది డిగ్రీల పెంపుకూ అందులో సగం సమయమే మిగులుతుంది. నేను మే నెలలో అరలీటరు ఒకే గిన్నెలో కలిపాను. నాలుగో జానెడు రాసేసరికి గిన్నె పొగలు కక్కింది. అప్పటి నుంచి కొద్దికొద్దిగా కలిపి, వెంటనే వెడల్పు పళ్లెంలోకి ఒంపి వాడుతున్నాను. లోతు తగ్గితే వేడి తగ్గుతుంది. నెమ్మదిగా గట్టిపడే రకం హార్డెనర్ కొనండి. గట్టిపడటం ఆలస్యం కావాలని హార్డెనర్ పాలు మాత్రం తగ్గించకండి, ఆ జిగురు ఎప్పటికీ సరిగా గట్టిపడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పని పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు. తీర ప్రాంతపు తేమలో గట్టిపడిన పూత పైన జిడ్డు పొర వస్తుంది. తర్వాతి పూతకు ముందు నీళ్లతో, పీచుతో రుద్ది కడగాలి. చేతికి తొడుగులు లేకుండా ఎపాక్సీ ముట్టుకోవద్దు. కొందరి చర్మానికి ఒకసారి పడకపోవడం మొదలైతే జీవితాంతం పడదు.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అది మన దేశంలో మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం. ముద్రను నమ్మి ఊరుకోవద్దు. నేను కొన్న మొదటి షీటు మీదా ముద్ర ఉంది. చిన్న ముక్క కోసి గంటసేపు నీళ్లలో మరిగించి ఎండబెట్టి మళ్లీ మరిగిస్తే పొరలు విడిపోయాయి. మొత్తం సరుకు వెనక్కి ఇచ్చేశాను. ఈ పరీక్షకు ఖర్చు లేదు, తప్పకుండా చేయండి. కోసిన అంచులో లోపలి పొరల మధ్య ఖాళీలు ఉన్నాయేమో కూడా చూడండి.

బరువు మరో సంగతి. విదేశీ ప్లాన్లు తేలికైన ఒకూమే ప్లైవుడ్‌ను లెక్కలోకి తీసుకుంటాయి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న షీటు ఒకూమేలో ఎనిమిది తొమ్మిది కిలోలు తూగితే, మన దగ్గర దొరికే గర్జన్ రకం పన్నెండు పదమూడు కిలోలు తూగుతుంది. ఆరు షీట్ల పడవలో ఇది పాతిక కిలోల తేడా. కారు పైకి ఎత్తాలనుకుంటే ఈ పాతిక కిలోలే ఆపేస్తాయి.

కొయ్యల కోసం తీరంలో సరుగుడు సులువుగా దొరుకుతుంది, గట్టిగానూ ఉంటుంది. బరువు ఎక్కువ కాబట్టి నిలువు కొయ్యకు వద్దు. పైన ఉన్న ప్రతి కిలో పడవను పక్కకు వాలుస్తుంది. ముడులు లేని పైన్ బద్దలు ఎనిమిదింటిని అంచుల్లో గాడి తీసి కలిపితే లోపల బోలుగా ఉండే గుండ్రని కొయ్య వస్తుంది, ఓపికకు తగిన ఫలితం. టేకును అంచులకు వాడితే అతికించే ముందు అసిటోన్‌తో తుడవండి, దాని నూనె జిగురును పట్టనివ్వదు. ఉప్పు నీటిలో ఇత్తడి మరలు వద్దు. వాటిలోని జింకు కరిగిపోయి మర పెళుసుబారుతుంది. కంచు లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. పడవ బయట తెల్లగానో లేత రంగులోనో ఉంచండి. ముదురు నీలం ఫొటోలో ఎంత బాగున్నా, మన ఎండలో ఆ పలక వేడెక్కి కింద ఎపాక్సీ మెత్తబడుతుంది.

## ఎవరికి ఏది

హైదరాబాదులో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, పార్కింగులో రెండు కార్ల చోటు దొరికేవారికి కుట్టి అతికించిన పడవే సరైనది. పిల్లలు ఉంటే మిర్రర్, గంటర్ అమరికతో. ఇద్దరు పెద్దవాళ్లు, కొంత అనుభవం ఉంటే గోట్ ఐలండ్ స్కిఫ్. అయితే ఆషాఢ మాసపు గాలి విసుర్లలో తెరచాప కుదించడం ముందే ఒడ్డున నేర్చుకోండి. నగరంలోని నీటి మీద సెయిలింగ్ క్లబ్బుల ద్వారానే నడుస్తుంది. పలక కోయకముందే క్లబ్బుకు వెళ్లి, సొంతంగా కట్టిన పడవను అనుమతిస్తారా అని అడగండి.

కాకినాడ, కోనసీమ వైపు ఉన్నవారికి లోతు తక్కువ నీరే నిర్ణయిస్తుంది. నిలువుగా దింపే పలక బురదలో గుచ్చుకుంటే పడవ అక్కడే ఆగుతుంది. కీలు మీద తిరిగి పైకి లేచే మధ్య పలక ఉన్న ప్లాను తీసుకోండి. చుక్కాని కూడా పైకి మడిచేదిగా ఉండాలి. మీకు ఇంకెవరికీ లేని ఒక అదృష్టం ఉంది. కోరంగి 18, 19 శతాబ్దాల్లో ఓడల నిర్మాణానికి పేరున్న రేవు, ఆ పక్క తాళ్లరేవులో చెక్క పడవల పని తెలిసిన చేతులు ఈనాటికీ ఉన్నాయి. ప్లైవుడ్ పడవ కడుతున్నా సరే, ఒక రోజు వెళ్లి వాళ్లు పలకను ఒంపుకు ఎలా తెస్తారో చూసి రండి. అక్కడ రేవులో పడవను ఏడాది పొడవునా తడిగా ఉంచగలిగితే, నిజమైన పలకల పడవ గురించి ఆలోచించడానికి అర్హత ఉన్నది మీకే. మన ఉప్పు నీటిలో చెక్కను తొలిచే పురుగు ఉంటుంది కాబట్టి అడుగు పూతను క్రమం తప్పకుండా చూసుకోవాలి.

చేతిపని మీద ప్రేమే అసలు కారణమైతే, నీటి మీదికి వెళ్లడం ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదనుకుంటే, ఓట్రెడ్ ప్లైవుడ్ క్లింకర్‌ను తీసుకోండి, లగ్ తెరచాపతో. ప్రతి పలక ఒక పాఠం. తొందర ఉన్నవారు మాత్రం దాని జోలికి వెళ్లవద్దు. సగంలో ఆగిపోయిన క్లింకర్ అచ్చులు నేను రెండు ఇళ్లలో చూశాను.

అమెరికాలో ఉన్న తెలుగువారు ముందు ఈ పడవలను తాకి చూడవచ్చు. సియాటెల్‌లో లేక్ యూనియన్ ఒడ్డున ఉన్న సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్‌లో పాత తరహా పడవలు నీటి మీదే ఉంటాయి. మెయిన్ రాష్ట్రంలోని బ్రూక్లిన్‌లో వుడెన్‌బోట్ స్కూల్ 1981 నుంచి వేసవిలో పడవ కట్టడం నేర్పుతోంది. రేవు, చల్లని వాతావరణం, తేలిక ప్లైవుడ్ అన్నీ అందుబాటులో ఉన్నవారు బీటిల్ క్యాట్‌ను, గాఫ్ తెరచాపను ధైర్యంగా ఎంచుకోవచ్చు. పైన నేను వద్దన్నవాటిలో సగం అక్కడివారికి వర్తించవు.

ఎంపిక ఏదైనా, డబ్బు కట్టేముందు ఒక సాయంత్రం ఈ పని చేయండి. సుద్దతో నేల మీద పడవ పొడవు, వెడల్పు గీసి, చుట్టూ మనిషి తిరిగే చోటు కూడా గీయండి. ప్లానులో ఉన్న అతి పొడవైన కొయ్యకు సమానమైన వెదురు బొంగును భుజాన పెట్టుకుని, పడవ కట్టే చోటు నుంచి మెట్లు, గేటు, మలుపు దాటి వీధిలోకి వచ్చి, కారు పైన ఆనించి చూడండి.